ఎండుచేపలకి అట్టపెట్టె

మా ఇంట్లో అనుమానం పుట్టుకతో వస్తుంది. అమ్మ ఎండుచేపలు అమ్మేది. కంకిపాడు మార్కెట్టు బయట, బందరు రోడ్డు వైపు గంప పెట్టుకుని కూర్చునేది. మిగిలింది మధ్యాహ్నం పైన వీధుల్లో తిరిగి ఇళ్ళకి వేసేది. సరుకు బందరు అవతల, సముద్రం ఒడ్డున ఉన్న మా అమ్మమ్మ వాళ్ళ ఊరి నుంచి వచ్చేది. నాన్న కొల్లేరు చేపల లారీ మీద కలకత్తా వెళ్ళేవాడు, ఇంట్లో ఉండేది తక్కువ. నేను పెరిగిందంతా అమ్మ గంప పక్కనే, కొనేవాళ్ళ చేతులు చూస్తూ.

ఎండుచేపలు కొనేవాళ్ళంత అనుమానపు మనుషులు ఎక్కడా ఉండరు. పచ్చిచేపైతే మొప్ప ఎత్తి, ఎర్రగా ఉందో లేదో చూసి ఊరుకుంటారు. ఎండుచేపకి ఆ వీలు లేదు. అందుకని తోక దగ్గర విరిచి చప్పుడు వింటారు. ముక్కు దగ్గర పెట్టుకుంటారు. గోటితో గీకి, నాలిక్కి రాసుకుని ఉప్పు చూస్తారు. ఎండు రొయ్యలైతే గుప్పెడు తీసుకుని అరచేతుల మధ్య రుద్ది, ఇసక రాలుతుందేమోనని ఊదుతారు. ఇంతా చేసి, "పురుగు మందు కొట్టలేదు కదా?" అని మొహంలోకి చూస్తారు. ఈగలు వాలకుండా కొందరు మందు చల్లుతారని ఊళ్ళో ఎప్పుడూ ఒక పుకారు ఉండేది.

అమ్మ దేనికీ విసుక్కునేది కాదు. "చూసుకోండమ్మగారూ, చూసే తీసుకోండి" అనేది. నేను పుట్టిన ఏడాదే ఆ గంప ఎత్తిందట. నేను పదో తరగతికొచ్చేసరికి ఆవిడ దగ్గర మాత్రం చాలామంది విరవకుండా, వాసన చూడకుండా కొనేవాళ్ళు. కాగితంలో చుట్టిస్తే సంచీలో పడేసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. పక్క గంపల వాళ్ళకి అది కంటగింపుగా ఉండేది.

ఇంటరయ్యాక నేను బెజవాడలో గ్రాఫిక్ డిజైన్ డిప్లొమాలో చేరాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. ఏ మేడ చూసినా కంప్యూటర్ కోర్సు బోర్డే. వాటిలో సగం ఏడాది తిరక్కుండానే తాళాలేసుకుని మాయమయ్యేవి. మాది ఒక బట్టల కొట్టు పైన, రెండో అంతస్తులో. చేరేముందు అక్కడున్న కంప్యూటర్లన్నీ ఒక్కొక్కటీ ఆన్ చేయించి చూశాను. రిసెప్షన్‌లో ఉన్నావిడ ఆ రోజు నుంచి నన్ను చూస్తే మొహం ముడుచుకునేది. ముడుచుకుంటే ముడుచుకుంది, రెండు కంప్యూటర్లు వెలగలేదన్న సంగతి నాకు తెలిసింది కదా.

మాకు పాఠం చెప్పే సార్ అంతకుముందు హైదరాబాదులో ప్రకటనల కంపెనీలో పనిచేశాడు. ఎవరు ఏది తెచ్చి చూపించినా ముందు అడిగే ప్రశ్న ఒకటే: "ఇది ఎక్కడిది?" మా ముందు బ్యాచ్‌లో ఎవరో విదేశీ పత్రికలోని పోస్టరుని ఉన్నదున్నట్టు దించి తెస్తే ఈయన తెగ మెచ్చుకుని పరీక్షలో పెట్టాడట. బయట నుంచి వచ్చిన ఎగ్జామినర్ అది ఫలానా పత్రికలోదని అందరి ముందూ చెప్పాడట. అప్పట్నుంచి సార్‌కి ఒక నియమం. ప్రాజెక్టుతోపాటు దాని రఫ్‌లన్నీ తేవాలి: మొదట గీసిన పిచ్చిగీతలు, కొట్టేసినవి, మళ్ళీ గీసినవి. బిడ్డని చూపిస్తే చాలదు, కడుపుతో ఉన్నప్పటి ఫొటోలు కూడా కావాలంటాడని క్లాసులో నవ్వుకునేవాళ్ళం.

అసలు ఆ ప్రాజెక్టుల మీదే నాకు నమ్మకం కుదరలేదు. కాన్సెప్ట్ ప్రాజెక్ట్ అంటారు వాటిని. చెయ్యమని అడిగినవాడు ఉండడు, అచ్చు వేసేవాడూ ఉండడు. ఒక వస్తువుని, దాన్ని వాడే మనిషిని ఊహించుకుని, దానికి కావలసింది తయారుచేసి, ఎందుకలా చేశామో నిలబడి చెప్పాలి. ఇవన్నీ మా చేత చేయించుకుని ఈయన ఏ కంపెనీకో అమ్ముకుంటాడేమో అనిపించింది. మనసులో ఉంచుకోవడం నాకు చేతకాదు కాబట్టి అడిగేశాను కూడా.

"కొనేవాడే ఉంటే ముందు నావి అమ్ముకునేవాణ్ణమ్మా" అన్నాడాయన. కోపం మాత్రం రాలేదు.

ఇంట్లో అమ్మది ఇంకో అనుమానం. "ఎవరూ అడగందే ఎవరికి చేస్తావే?"

"ఎవరో ఉన్నారని అనుకుని చెయ్యాలమ్మా."

"అనుకోడానికి బెజవాడ దాకా పోవాలా? ఇక్కడ కూర్చుని అనుకోకూడదూ?"

మొదటి ప్రాజెక్టు బస్టాండుకి దారి చూపించే బోర్డులు. క్లాసంతా బాణాలూ రంగులూ వేసుకుంటుంటే నేను రెండు రోజులు బెజవాడ బస్టాండులో నిలబడి జనాన్ని చూశాను. ప్లాట్‌ఫారం మీద ఇంతింత అక్షరాలతో ఊరి పేరు రాసి ఉంటుంది. దాని కిందే నిలబడి పక్కవాణ్ణి అడుగుతారు. బస్సు నుదుటి మీద మచిలీపట్నం అని ఉన్నా కండక్టరుని "బందరేనా?" అంటారు. ఎక్కి కూర్చున్నాక పక్క సీటాయన్ని ఇంకోసారి అడుగుతారు. చదువు రాక కాదు. బోర్డుకి మొహం ఉండదు, అబద్ధం చెప్తే పట్టుకునే వీలుండదు. అందుకని నేను బోర్డు చిన్నది చేసి, దాని కింద ఒక బల్ల, బల్ల వెనక ముదురు పసుపు చొక్కా వేసుకున్న మనిషి, పైన "అడగండి" అన్న మాట వేశాను. సార్ చాలాసేపు చూశాడు. "ఇది డిజైనా, ఒకళ్ళకి ఉద్యోగమా?" అన్నాడు. తర్వాత, "జనం చదువుతారు గానీ నమ్మరంటున్నావు. సరే, ఆ మాట వదలకు" అన్నాడు. వదల్లేదు.

ఆఖరి ప్రాజెక్టుకి అందరికీ ఒకటే పని ఇచ్చారు. మీ ఊళ్ళో విడిగా అమ్మే వస్తువు తీసుకుని దానికి ప్యాకింగ్ చెయ్యండన్నారు. కొండపల్లి నుంచి వచ్చే అమ్మాయి బొమ్మలకి పెట్టె మొదలుపెట్టింది. సగం క్లాసు ఆవకాయ మీద పడింది. నేను ఎండుచేపలన్నాను. ఒకళ్ళిద్దరు అప్పుడే ముక్కు మూసుకున్నారు, ఇంకా కాగితం మీద ఒక్క గీత పడకుండానే.

నా ఆలోచన బస్సు దగ్గర మొదలైంది. ఎండుచేప అంటే ఇష్టపడని ఇల్లు మా వైపు తక్కువ. కానీ ఆఫీసుకెళ్ళే ఆడవాళ్ళు కొనుక్కుని బస్సులో తీసుకెళ్ళడానికి సిగ్గుపడతారు. వాసనకి అందరూ వెనక్కి తిరిగి చూస్తారని. కాబట్టి వాసన బయటికి రాని పెట్టె కావాలి. అంతవరకూ ఎవరికైనా తడుతుంది. కానీ వాసన రాని పెట్టెలో ఉన్న ఎండుచేపని మా కంకిపాడు మనిషి చస్తే కొనదు. లోపల ఏం పెట్టి మూశారో అంటుంది. వాసన రాకుండా ఉండాలి, వాసన చూడనివ్వాలి. రెండు పనులూ ఒకే అట్ట చెయ్యాలి.

సెలవు దొరికినప్పుడల్లా అమ్మ వెనక కూర్చుని చేతులు గీశాను. విరిచే చేతులు, గీకే గోళ్ళు, రుద్దే అరచేతులు. మందపాటి డ్రాయింగ్ షీట్ల మీద, షీటుకి రెండు వైపులా. పెట్టెకి పక్కన ఒక రెక్క పెట్టాలని ఎన్నో కొట్టివేతల తర్వాత తట్టింది. పచ్చిచేపకి మొప్ప ఎత్తినట్టు దాన్ని ఎత్తితే లోపల సన్నటి వల, వాసన వస్తుంది, చేప కనిపిస్తుంది. వదిలేస్తే బిగుసుకుంటుంది. పైన ఒక చిన్న పొట్లంలో విరిచి చూసుకోడానికి విడిగా ఒక ముక్క. సముద్రం నీలం వెయ్యలేదు, నవ్వే చేప బొమ్మా వెయ్యలేదు. ఎండిన చేప రంగు, ఉప్పు తెలుపు, అంతే. రెక్క మీద "అనుమానం ఉంటే ఎత్తి చూడండి" అని రాశాను. ఆ మాట రాసిన రోజు నాకు నేనే నచ్చాను.

అమ్మ ఒకసారి ఆ షీట్లు తిరగేసింది. "చేతులు బానే వేశావు" అంది. షీట్లు మళ్ళీ చుట్టేస్తూ, "అన్నీ ఆ పెట్టే చూపించేస్తే ఇంక నేనెందుకు?" అంది. నవ్వుతూ అందో లేదో ఇంట్లో మసక వెలుతురులో తెలియలేదు.

పెట్టె పూర్తిచేసి తీసుకెళ్ళి సార్ బల్ల మీద పెట్టాను. రెక్క ఎత్తాడు, వదిలాడు, మళ్ళీ ఎత్తాడు. మెచ్చుకుంటాడని ఎదురుచూస్తున్నాను.

"ఇది ఎక్కడిది?"

"నాదేనండి."

"జపాన్ వాళ్ళ ప్యాకింగ్ పుస్తకాల్లో ఇలాంటి రెక్కలు చూశాను నేను. నెట్‌లో ఎక్కడైనా చూశావా?"

ఒళ్ళు మండింది. జపానేమిటి, నేను ఏలూరు కూడా సరిగ్గా చూడలేదు. అదే అన్నాను. ఆయన గొంతు పెంచలేదు. "నువ్వు అబద్ధం చెప్తున్నావనడం లేదు. ఎల్లుండి జ్యూరీ. హైదరాబాదు నుంచి ఎగ్జామినర్ వస్తున్నారు. రఫ్‌లు తెస్తే ఆయన ముందు పెడతాను, లేకపోతే పెట్టను" అన్నాడు. ఈ ప్రాజెక్టు లేకపోతే డిప్లొమా లేదు. బెజవాడ గవర్నర్‌పేటలో ఒక ప్రింటింగ్ ప్రెస్సు వాళ్ళు డిప్లొమా తీసుకురా, చేర్చుకుంటామన్నారు. అది చేతికి రాకపోతే నాకున్నది గంప ఒక్కటే.

ఇంటికొచ్చి మంచం పక్క మూల చూస్తే షీట్ల చుట్ట లేదు. మంచం కింద లేదు, అటక మీద లేదు. నాకు వెంటనే కొండపల్లి అమ్మాయి గుర్తొచ్చింది. అంతకుముందు ఆదివారమే మా ఇంటికొచ్చి భోంచేసి, ఆ షీట్లన్నీ ఒక్కొక్కటీ తిప్పి చూసింది. అంత శ్రద్ధగా ఎందుకు చూసినట్టు? ఆ అమ్మాయిని మనసులో నిలబెట్టి అడగాల్సినవన్నీ అడుగుతుండగా అమ్మ వచ్చి గంప దించింది. గంప అడుగున ఒక షీటు. తోక విరుస్తున్న రెండు చేతులు, వాటి మీద నెత్తళ్ళ పొట్టు, ఆ చిన్న ఎండుచేపలది.

మా ఇంట్లో కాగితమంటే చుట్టడానికి. పాత పేపర్లు కిలోల్లెక్కన కొనేవాళ్ళం. ప్రతి వేసవిలో నా నోటు పుస్తకాలూ గంపలోకే వెళ్ళేవి. నా లెక్కల తప్పులు ఊళ్ళో చాలామంది ఇళ్ళకి చేపలతోపాటు చేరాయి. రాసేసిన కాగితం, గీసేసిన కాగితం మళ్ళీ ఎవరికైనా కావాలనే సంగతి మా ఇంటికి ఇంకా రాలేదు.

"దళసరిగా ఉన్నాయి, చిరగలేదు. అందరూ బావున్నాయన్నారు" అంది అమ్మ.

గట్టిగా అరిచాను. అరుస్తూనే సార్ సంగతి, జ్యూరీ సంగతి చెప్పాను. అమ్మ గడప మీద కూర్చుని విన్నది.

"అవి లేకపోతే నీ డిప్లొమా ఇవ్వరా?"

"ఇవ్వరు."

"ఎల్లుండేనా?"

"ఎల్లుండే."

అయ్యో అనలేదు, తెలీక చేశానే అనలేదు. అప్పుడు నాకు పాడు అనుమానం పుట్టింది. ఆవిడకి మోకాళ్ళు నొప్పులు, గంప మొయ్యడానికి మనిషి కావాలి. నేను ప్రెస్సులో చేరితే ఎవరు మోస్తారు? "ఇంక నేనెందుకు" అన్న మాట చెవిలో తిరిగింది. "కావాలనే చేశావా?" అని అడిగేశాను. ఆవిడ నావంక చూసింది. చెప్పులేసుకుని, "పద" అంది.

మొదట వెళ్ళింది రిటైరైన మాస్టారిగారింటికి. ఆయన భార్య వరండాలో కూర్చుని ఉంది. అమ్మకి మొదట్నుంచీ ఉన్న ఖాతా ఆవిడ.

"అమ్మగారూ, నిన్న నెత్తళ్ళు చుట్టిచ్చిన కాగితం ఉందాండీ?"

"కాగితమా? ఏం చేసుకుంటావు?"

"మా అమ్మాయిదండీ. కావాలంట."

"ఎక్కడో పడేసుంటానమ్మా. ఇప్పుడెవరు వెతుకుతారు?" అని, అంతలోనే ఆవిడ కళ్ళు చిన్నవి చేసింది. "కాగితం కోసం ఇంతదూరం వచ్చావా? చేపల్లో ఏమైనా తేడా ఉందా? నిజం చెప్పు."

చేపలు బ్రహ్మాండంగా ఉన్నాయండీ అని చెప్పబోయాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. తల దించుకుని, "అబ్బే, అదేం లేదండీ... పడేసుంటే మంచిదేలెండి" అని నసిగింది. ఆవిడ ఇంకేదో అడిగేలోపే మెట్లు దిగింది.

పక్కింటికి వెళ్దామన్నాను. "వద్దు, ఇంటికి పోదాం" అంది. ఒక్క ఇంటితో సరి. ఇంక నాకు అనుమానం ఏమీ మిగల్లేదు, ఖాయమైపోయింది. ఆ కాగితాలు దొరకడం ఆవిడకి ఇష్టం లేదు. కోపంతో ఏడ్చి, అన్నం తినకుండా పడుకున్నాను.

తెల్లారి మార్కెట్టు దగ్గర ఇద్దరం గంప దింపుతుండగానే జనం వచ్చారు. ముందు మాస్టారిగారి భార్య. ఆవిడ మార్కెట్టు వైపు అడుగుపెట్టడం నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ వెనక ఆవిడ వీధి, తర్వాత వెనక వీధి. ఈసారి సరుకులో పురుగు మందు పడిందని, అమ్మే స్వయంగా ఇంటికొచ్చి చెప్పలేక చెప్పిందని మాట పాకిపోయింది. ఎవరిదో పిల్లి చచ్చిపోయిందన్నారు. ఎవరి పిల్లో ఎవరికీ తెలీదు. పొట్లాలు పొట్లాలుగా తెచ్చారు. డబ్బాల్లో పోసుకున్నవాళ్ళు డబ్బాలతో వచ్చారు. కాగితానికి కూడా మందు అంటుకుని ఉంటుందని, పిల్లలు ముట్టుకుంటారని, చెత్తబుట్టలోంచి రెండు వేళ్ళతో ఏరి మరీ పట్టుకొచ్చారు.

అమ్మ ఎవరితోనూ వాదించలేదు. పొట్లం తీసుకునేది, డబ్బులు తిరిగిచ్చేది. చేపలు గంపలో దులిపి, కాగితం మోకాలి మీద పెట్టి చదును చేసి, వెనక్కి తిరక్కుండా నాకందించేది. "ఇన్నాళ్ళు నమ్మి కొన్నందుకు మంచి పని చేశావమ్మా" అని ఒకావిడ అందరికీ వినపడేలా అంది. నాకు ఆగలేదు, లేచాను. "నువ్వు కాగితాలు చూసుకో" అంది అమ్మ. సాయంత్రానికి దాదాపు అన్ని షీట్లూ వచ్చేశాయి. నా అదృష్టం బాగుందనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

జ్యూరీ రోజు బస్సులో కండక్టరు నన్ను వెనక సీటుకి పంపించేశాడు. ఏసీ గదిలో బల్ల మీద షీట్లు పరిచేసరికి ఎగ్జామినర్ జేబురుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. సార్ పెట్టుకోలేదు. వంగి, ఒక్కో షీటూ తీసి, ఏది ముందు ఏది వెనక అని తనే వరస పెట్టాడు. మొదటి చేతుల నుంచి రెక్క తట్టిన కాగితం దాకా, అక్కణ్ణుంచి పెట్టె దాకా. ఒక షీటు మీద అంటుకున్నదాన్ని గోటితో తీసి, "ఇదేంటి?" అన్నాడు.

"పొలుసండి. మా అమ్మ వీటిలో చేపలు చుట్టి అమ్మేసింది. మళ్ళీ వెనక్కొచ్చాయి."

ఆయన నవ్వలేదు. ఎగ్జామినర్ వైపు తిరిగి, "ఈ అమ్మాయిదేనండి" అన్నాడు. పాసయ్యాను. ప్రెస్సు వాళ్ళు మాట మీద నిలబడ్డారు. ఆ రోజు మెట్లు దిగుతూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను. అంత సంతోషం నాకు అంతకుముందు తెలీదు.

కంకిపాడులో మాత్రం అమ్మ గంప సాయంత్రానికి నిండుగానే ఉండిపోయేది. మాస్టారిగారి భార్య మొహం తిప్పుకుని వెళ్ళిపోయేది. ఎప్పుడూ విరిచి చూడనివాళ్ళు నాలుగైదు విరిచి, వాసన చూసి, గంపలో పడేసి, ఎదుటి గంప దగ్గరికి నడిచేవాళ్ళు. ఇంటింటికీ వెళ్ళి జరిగింది చెప్దాం, నేనూ వస్తానన్నాను. "ఇప్పుడు చెప్తే నమ్ముతారా? మందు సంగతి కప్పిపుచ్చుకోడానికి వచ్చామంటారు" అంది. కొన్నాళ్ళు చూసింది. తర్వాత కంకిపాడులో కూర్చోవడం మానేసి, పొద్దున్నే ఉయ్యూరు వెళ్ళడం మొదలుపెట్టింది. అక్కడ ఆవిడ ఎవరో ఎవరికీ తెలీదు. ఒక్కొక్క చేపా విరిచి చూసి గానీ కొనడం లేదట.

బందరు రోడ్డు మీద ఉయ్యూరు బస్సు కోసం ఆవిడ ఒక పక్క, బెజవాడ బస్సు కోసం నేను ఎదుటి పక్క నిలబడేవాళ్ళం. ఒకరోజు రెండు బస్సులూ ఆలస్యమయ్యాయి. రోడ్డు దాటి ఆవిడ దగ్గరికెళ్ళాను.

"ఆ రోజు మాస్టారిగారింట్లో నన్నెందుకు ఆపావు? చేపలు బాగానే ఉన్నాయని ఒక్క మాట అంటే ఇదంతా లేకపోయేది కదా?"

ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని బస్సు వచ్చే వైపే చూస్తూ చెప్పింది. "చేపలు బాగుంటే కాగితం కోసం ఎవరు లేస్తారే? పడేశానంది, వినలేదూ? ఏ ఇంటికెళ్ళినా అదే మాట అనేవాళ్ళు. చేప మీద అనుమానమొస్తే మాత్రం పొయ్యి మీదున్నది కూడా దింపి తెచ్చిస్తారు. వాళ్ళ సంగతి నాకు తెలీదా?"

ఆవిడ గంప వంక చూశాను. "మరి నీ బేరం?"

"నీకు రెండ్రోజులే టైముందన్నావు" అంది. "నాకు ఇంకా చాలా ఉందిగా."

ఉయ్యూరు బస్సొచ్చింది. గంప పైకెక్కించమని కండక్టరు కేకేశాడు. నేను ఒక వైపు పట్టాను, ఆవిడ ఇంకో వైపు పట్టింది. బస్సు కదిలాక కూడా అక్కడే నిలబడి ఉన్నాను. రోడ్డుకి అవతల నా బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది.